శాకాహారుల గాలం

మా బావగారు చేపలు పట్టాలని నిశ్చయించుకున్నప్పుడు ఇంట్లో ముందుగా వచ్చిన అడ్డంకి చేప కాదు, ఫ్రిజ్.

మాది గుడ్డు కూడా ముట్టని కొంప. దోహాలో, అల్ ఘర్రాఫాలోని అక్కావాళ్ళ ఫ్లాట్‌లో శనివారాలు ఉల్లిపాయకే ప్రవేశం లేదు. గాలానికి ఎరగా గుచ్చడానికి రొయ్యలో, కవళ్ళ చేపలో కావాలంటే ముందు రోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. అంటే పెరుగు గిన్నె పక్కన. బావగారు ఈ ప్రస్తావన అక్క దగ్గర ఎత్తారు. ఎత్తబోయి దించేశారు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

"పెట్టుకోండి," అంది అక్క. "పెట్టుకుని మీరూ ఆ ఫ్రిజ్‌లోనే కాపురం చెయ్యండి."

ఆ విధంగా మా బావగారు హార్డ్ స్విమ్‌బెయిట్ల దారి పట్టారు. అదేం బ్రహ్మవిద్య కాదు. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బొమ్మ చేప. అరచేయంత పొడవు, నడుము దగ్గర ఒక కీలు, పొట్ట కింద ఒకటీ తోక దగ్గర ఒకటీ మూడేసి ముళ్ళున్న గాలాలు. నీళ్ళలోకి విసిరి లాగితే నిజం చేపలా ఒళ్ళు ఊపుకుంటూ వస్తుంది. పెద్ద చేప దాన్ని చూసి మోసపోవాలి, అదీ ఏర్పాటు. వాసన రాదు, కుళ్ళదు, ఫ్రిజ్ అడగదు. పూర్తి శాకాహారం. పార్సెల్ వచ్చిన రోజు అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇంతకు ముందు ఏ చేపనూ తాకలేదు కదా?" అని అడిగి మరీ లోపలికి రానిచ్చింది. షరతులు కూడా పెట్టింది. పట్టిన చేపను పట్టిన చోటే వదిలెయ్యాలి. ముట్టుకున్నవాళ్ళు తలస్నానం చేశాకే వంటింటి గడప దాటాలి.

ఇందులో ఒక చిన్న చిక్కుంది. ఆ బొమ్మ చేపల్ని తయారుచేసింది బాస్ అనే చేపను పట్టడానికి. అది అమెరికాలో మంచినీళ్ళ చెరువుల్లో ఉంటుంది. బావగారు ఫోన్‌లో చూసే వీడియోలన్నీ అక్కడివే: పచ్చటి చెట్లు, పొగమంచు, పడవలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. ఖతార్‌లో అలాంటి చెరువులు లేవు, పొగమంచు ఉన్నా చెట్లు లేవు, ఆ బాస్ అసలే లేదు. సూపర్‌మార్కెట్‌లో ఐసు మీద 'సీ బాస్' అని చీటీ తగిలించిన చేప ఉంది కానీ దాన్ని పట్టడానికి గాలం అక్కర్లేదు, ట్రాలీ చాలు.

"చేపకి పాస్‌పోర్టుంటుందా?" అన్నారు బావగారు. "నోరుందా లేదా, అది చూడు."

ఇక నా సంగతి.

నన్ను దోహా తెచ్చింది బావగారే. ఆయన పనిచేసే కాంట్రాక్టు కంపెనీలో, ఆయన చూసే కొలతల విభాగంలోనే నాకూ కుర్చీ వేయించారు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా కనిపించేది ఆయన వీపు. పొద్దున ఆయన కారులో ఆఫీసుకు, మధ్యాహ్నం ఆయన టేబుల్ మీద ఆయన క్యారేజీలో భోజనం, సాయంత్రం ఆయన కారులో ఆయన ఇంటికి. కారులో నా వైపున్న ఏసీ గాలి ఎటు తిరగాలో కూడా ఆయనే చూసుకుంటారు. "నీకు చలేస్తోంది," అని ఆయనే చెప్పి, ఆయనే తిప్పేస్తారు. ఖతార్ ఎలా ఉందని మా ఊరి నుంచి ఎవరైనా అడిగితే నేను నిజాయితీగా చెప్పగలిగింది ఒక్కటే: బావగారి కారు ముందద్దంలోంచి చూస్తే బాగానే ఉంది.

విలన్ ఉంటే కథ సులువుగా నడిచేది. మా బావగారు మంచివారు. చెడ్డవాడి చేతిలో చిక్కితే ఫిర్యాదు చేసుకోవడానికి ఎక్కడో ఒక కౌంటర్ ఉంటుంది. మంచివాడి చేతిలో చిక్కితే వాడికే థాంక్స్ చెప్పాలి.

అలాంటి రోజుల్లో నాకు ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అల్ సద్‌లో ఆఫీసు. కొలతలు వేసే పని కాదు, నేను చదువుకున్న డిజైన్ పని. చదువుకున్న పనే చేసే అవకాశం మా బ్యాచ్‌లో ఎవరికైనా వస్తే దాన్ని పుకారుగానే చెప్పుకుంటాం. నాకు నిజంగానే వచ్చింది. ఒక ఆదివారంలోగా వస్తానో రానో చెప్పమన్నారు. ఇప్పుడు ఇక్కడ ఉద్యోగం మారడానికి పాత కంపెనీ అనుమతి కూడా అక్కర్లేదు, చట్టం మారింది. బావగారి అనుమతి గురించి మాత్రం ఆ చట్టంలో ఏమీ రాసినట్టు లేదు.

చెప్పాలి. ఎప్పుడు చెప్పాలి? ఆఫీసులో ఆయన పై అధికారి. ఇంట్లో అక్క ఉంటుంది. కారులో చెబుదామంటే ఆయనకు మనసు కష్టమైతే కాలు బ్రేకు మీద పడుతుంది, వెనక లారీలుంటాయి. మిగిలింది సెలవు రోజు శుక్రవారం, సముద్రం. సముద్రం ముందు నిలబడితే మనిషి మనసు విశాలమవుతుందని అంటారు కదా. ఆ మాట అన్నవాడు మా బావగారితో వెళ్ళలేదు. సముద్రం ముందు నిలబడితే మా బావగారు ట్యూషన్ మాస్టారవుతారు.

తెల్లవారకముందే కింద కారు హారన్ మోగేది. అల్ ఖోర్ దాటాక, రోడ్డు దిగి కొంచెం లోపలికి వెళ్తే రాళ్ళు పోసిన కట్ట ఒకటుంది. మడత కుర్చీలు, నీళ్ళు, బిస్కెట్లు, టోపీలు, ఎండకు పూసుకునే క్రీము, అన్నీ దించి, పాఠం మొదలు.

"రీల్ అర చుట్టు చుట్టు. ఆగు. మళ్ళీ అర చుట్టు. ఆగు. లాగకు. దారం వదులైతేనే అది పక్కకి తిరుగుతుంది."

బావగారు లాగితే ఆ బొమ్మ చేప ఎడమకు జారి, ఒక్క క్షణం ఆలోచించి, కుడికి జారేది. నీళ్ళలో పాము మెలికలా అందంగా ఉండేది, కాదనను. ఆయన దీన్ని ఇంట్లో స్నానాల తొట్టిలో సాధన చేశారు. తొట్టి ఎంత, ఆయన కర్ర ఎంత అని అడక్కండి. కర్ర చివర గుమ్మం బయట, హాల్లో ఉండేది. నేను లాగితే మాత్రం ఆ చేప తొలిరోజు బడికి ఈడ్చుకెళ్తున్న ఎల్‌కేజీ పిల్లాడిలా, తిన్నగా, బిర్రబిగుసుకుని వచ్చేది.

"బావగారూ, మీతో ఒక విషయం..."

"ఆగు! అక్కడ ఆగాలి! ఆగావా?"

"ఆగాను. అది కాదండీ, ఆఫీసు గురించి..."

"శుక్రవారం పూట ఆఫీసేంట్రా? దారం చూడు, దారం!"

దారం చూసేసరికి రీల్ మీద అది ఉండ చుట్టుకుని పిట్టగూడైపోయి ఉండేది. ఆ బరువైన బొమ్మను విసిరేటప్పుడు బొటనవేలితో రీల్‌ను అదుపు చెయ్యకపోతే అంతే. నేనైతే కోసి పారేసేవాణ్ణి. బావగారు కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, మడత కుర్చీలో కూర్చుని, పళ్ళ పుల్లతో ఒక్కో మెలికా విప్పేవారు. ఎండ ఎక్కేది. చెమట ఆయన ముక్కు కొన నుంచి రీల్ మీద పడేది. "నేర్చుకునేటప్పుడు ఇలాగే అవుతుంది, కంగారు పడకు," అనేవారు, నేను పడని కంగారుకు నన్ను ఓదారుస్తూ. చిక్కు తీస్తున్న మనిషికి 'మిమ్మల్ని వదిలి పోతున్నాను' అని ఎలా చెప్పడం? కనీసం చిక్కు పూర్తయ్యేదాకా ఆగాలి కదా. పూర్తయ్యేసరికి ఇంటికెళ్ళే వేళయ్యేది.

ఆ కట్ట మీదకే నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకాయన కూడా వచ్చేవాడు. క్యాంప్ నుంచి కూలీలను సైటుకు చేర్చే కంపెనీ బస్సుకు డ్రైవరు. శుక్రవారం డ్యూటీ లేకపోతే స్నేహితుల బండెక్కి ఇక్కడికొచ్చి, కవళ్ళు ముక్కలు కోసి గాలానికి గుచ్చి కూర్చునేవాడు. ఆయనకూ పెద్దగా ఏమీ పడేవి కావు. పడకపోవడానికి మాత్రం ప్రతిసారీ కొత్త కారణం ఉండేది: గాలి, చంద్రుడు, అవతలి రాయి మీద కూర్చున్న ఫిలిప్పీన్ ఆయన పాడే పాట. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి.

మా ఎరను మొదటిసారి చూసినప్పుడు చేతిలోకి తీసుకుని, గోటితో కొట్టి చూశాడు.

"ప్లాస్టిక్ చేపకు చేప పడతదా సారూ?"

"దీనికే పెద్దవి పడతాయి," అన్నారు బావగారు. "పట్టి మళ్ళీ వదిలేస్తాం. ఇది స్పోర్ట్."

"ఇడిచిపెడతరా?" ఆయన నిజంగా బాధపడ్డాడు. "మాకు తినుడే స్పోర్ట్ సారూ. పడితే నాకియ్యున్రి, కూరొండుకుంట. మీ పుణ్యం మీకుంటది, నా కూర నాకుంటది."

ఒకసారి బావగారు నీళ్ళ సీసా కోసం కారు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయనకు నా సంగతి చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే చేపకు చెప్పేలా ఉన్నాను.

"గింతేనా? యల్లా, చెప్పెయ్యి. ఏమైతది? కొడ్తడా?"

"కొట్టరన్నా. బాధపడతారు."

"అబ్బో." ఆయన తల గోక్కున్నాడు. "కొట్టేటోడైతే మంచిగుండు. సరే, నన్ను మీ బావ అనుకో. నాకు చెప్పి సూడు."

నేను గొంతు సవరించుకున్నాను. "బావగారూ, మీరు నాకు చాలా చేశారు. కానీ నేను..."

"వద్దు తమ్మీ, ఆపు," అన్నాడాయన. "నాకే మనసంత గుబులైతంది."

ఆదివారం దగ్గరకొచ్చేసింది. అంతకు ముందున్న శుక్రవారమే ఆఖరి అవకాశం. ఆ వేళ గాలిలో తేమ ఎంతుందంటే కారు దిగగానే నా కళ్ళజోడు మసకబారి, లోకం కాసేపు తెల్లగా ఉంది. అలాగే ఉన్నా బాగుండేది. రాళ్ళ మీద నిలబడి, బొమ్మ చేపను విసిరి, చెప్పాల్సిన మాటల్ని మనసులో పేర్చుకోవడం మొదలుపెట్టాను. 'బావగారూ, మీరు నాకు చాలా చేశారు' అన్నది తీసేద్దామా? అది సన్మాన పత్రంలా ఉంది. 'బావగారూ, ఒక మంచి వార్త' అందామా? ఎవరికి మంచి? ఆలోచిస్తూ చెయ్యి అర చుట్టు చుట్టి ఆగిపోయింది. ఇంకో వాక్యం పేర్చాను, ఇంకో అర చుట్టు. దారం వదులైంది, నాకు ధ్యాస లేదు.

"అదీ!" అని అరిచారు బావగారు. "అదే! అలా! చూడు, చూడు!"

చూశాను. పచ్చటి నీళ్ళలో నా బొమ్మ చేప ఎడమకు జారింది. ఆగింది. కుడికి జారింది. ఎవరూ ఈడ్చట్లేదు, దానికదే ఎక్కడికో షికారు పోతున్నట్టుంది. దాన్ని చూసి నాకు కొంచెం అసూయ కూడా వేసింది. అంతలో రాళ్ళ నీడలోంచి గోధుమరంగు ముద్ద ఒకటి పైకి లేచింది, కర్ర వంగింది.

తర్వాత జరిగింది పోరాటమని రాస్తే బాగుంటుంది. జరిగిందేమిటంటే నేను అరిచాను, బావగారు అరిచారు, చేప తప్ప అందరూ అరిచారు. అది మూరెడు కూడా లేదు. ఒళ్ళంతా చుక్కలు, కింది పెదవి ముందుకు పొడుచుకొచ్చి, పొద్దున్నే నిద్ర లేపిన పెద్దాయనలా ఉంది. పొట్ట కింది గాలంలో ఒక ముల్లు దాని పెదవికి గుచ్చుకుని ఉంది.

"హమూర్!" అని, గల్ఫ్‌లో అందరూ కూరకు కోరుకునే ఆ చేప పేరు అరుస్తూ, అవతలి రాయి మీద నుంచి నిజామాబాద్ అన్న తన కర్ర వదిలేసి పరుగున వచ్చాడు. "సారూ, నాకే! నాకే!"

ఇక్కడ మా ఇద్దరి గురించీ ఒక నిజం చెప్పాలి. బావగారూ నేనూ పుట్టి బుద్ధెరిగాక చేపను చేత్తో ముట్టుకుని ఎరగం. చేపలు పడుతున్నాం అనుకున్నామే గానీ, పడితే ఏం చెయ్యాలన్నది మా ఇద్దరికీ సిలబస్‌లో లేదు.

"బొటనవేలు దాని నోట్లో పెట్టి కింది పెదవి పట్టుకో," అన్నారు బావగారు. "వీడియోలో చూళ్ళేదూ? అలా పట్టుకుంటే కదలదు."

"బావగారూ, ఆ వీడియోలో చేప వేరు."

"చేప చేపే! పెట్టు!"

పెట్టాను. అమెరికా బాస్ నోరు గరుకు కాగితంలా ఉంటుందట, బొటనవేలు పెట్టి ఎత్తి ఫోటో దిగుతారట. హమూర్‌కు పళ్ళుంటాయి. ఆ వీడియో అది చూసినట్టు లేదు. అది ఒక్కసారి ఒళ్ళు విదిలించింది. ఊడిన గాలం వచ్చి నా బొటనవేలి మొదట్లో దిగింది. నాకు సాయం చేద్దామని బావగారు చెయ్యి చాపారు, ఎప్పటిలాగే. తోక గాలం ఆయన మోచేతి కింద దిగింది. చేప రాళ్ళ మధ్య పడి, ఒకసారి మా వైపు చూసి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

నిజామాబాద్ అన్న ముందు నీళ్ళ వైపు చూశాడు.

"నా కూర పాయె," అన్నాడు. తర్వాత మా వైపు చూశాడు. "అరె! మీరిద్దరు అతుక్కుండ్రా?"

అతుక్కున్నాం. నా కుడిచెయ్యి, ఆయన ఎడమచెయ్యి, మధ్యలో అరచేయంత బొమ్మ చేప, నడుము దగ్గర కీలుతో. గాలాల్ని ఆ బొమ్మ నుంచి విడదీయడానికి ఒక ప్రత్యేకమైన పటకారు ఉంటుంది. బావగారు తెప్పించారు కూడా. ఇంట్లో ఉంది, ప్యాకెట్ విప్పలేదు. చేప పడనప్పుడు కావలసిన సామానంతా తెచ్చుకున్నాం. చేప పడినప్పుడు కావలసింది ఒక్కటీ తేలేదు. అనుభవం మీద సర్దిన సంచి మరి.

"జెర ఓర్సుకో తమ్మీ, గుంజుత," అని అన్న నా గాలం పట్టుకుని లాగాడు. ముల్లుకు వెనకవైపు మొన ఉంటుంది, లాగిన కొద్దీ అది లోపల పట్టుకుంటుంది. ఈ విషయం నాకూ బావగారికీ ఒకేసారి బోధపడింది. మా కేక ఒకే శ్రుతిలో వచ్చింది.

అల్ సద్‌లో ఆసుపత్రికి బయల్దేరాం. రాళ్ళ మీద నడవడం మొదటి గండం. పెళ్ళిలో కొంగులు ముడేసుకున్నవాళ్ళు కూడా ఇంతకంటే ఎడంగా నడుస్తారు. రెండో గండం తాళాలు. బావగారు తన కారు స్టీరింగ్ ఇంతవరకు నాకు ఇవ్వలేదు, లైసెన్సు ఉన్నా సరే. ఇప్పుడు తాళాలు అన్న చేతిలో పెడుతుంటే ఆయన ముఖం చూసి, అసలు ముల్లు దిగింది ఇప్పుడేమో అనిపించింది. మేమిద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. కొత్త పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఒకరి పక్కనొకరం, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

కారు హైవే ఎక్కింది. "నీకు చలేస్తోందా?" అన్నారు బావగారు. ఏసీ తిప్పడానికి ఆయనకు చెయ్యి అందదు. నాకు నిజంగానే చలేస్తోంది, మొదటిసారిగా.

అన్న అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. దారి సాఫీగా ఉంది, బండి కొత్తది, ఆయనకు హుషారొచ్చింది.

"తమ్మీ, మరి మీ బావకు చెప్పినవా ఇంక చెప్పలేదా?"

బావగారి తల అద్దం వైపు తిరిగింది.

"ఏం చెప్పాలి?" అన్నారు బావగారు.

అన్నకు అప్పుడు అర్థమైంది. "నాకేమెరుక సారూ," అని రోడ్డు మీదకు వంగిపోయాడు, లైసెన్సు పరీక్షలో కూర్చున్నవాడిలా.

అవతలికి జరుగుదామంటే చెయ్యి కట్టేసి ఉంది. సముద్రం లేదు, పిట్టగూడు లేదు, ఆగు అనడానికి రీల్ లేదు. నేను పేర్చుకున్న వాక్యాలన్నీ హమూర్‌తో పాటే వెళ్ళిపోయాయి. "అల్ సద్‌లో ఇంకో ఉద్యోగం వచ్చింది బావగారూ. డిజైన్ పని. ఆదివారం చెప్పాలి. వెళ్తాను," అన్నాను. చెప్పేశాక చూస్తే, ఇన్నాళ్ళూ మోసింది ఇంత చిన్న మూటా అనిపించింది.

బావగారు కిటికీలోంచి చూశారు. బయట చూడ్డానికి ఇసుక తప్ప ఏమీ లేదు.

"ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నావు?"

"కొన్ని శుక్రవారాలుగా చెబుదామనే వస్తున్నానండీ."

"అంటే ఆ శుక్రవారాలన్నీ," అన్నారాయన, గొంతులో నిజమైన అభియోగంతో, "నువ్వు ఎర మీద మనసు పెట్టలేదన్నమాట!"

"పెట్టలేదండీ."

"అనుకున్నాను. అందుకే నీకు ఆ తిరుగుడు రాలేదు."

"అదే కదండీ విచిత్రం. ఇవాళ వచ్చిందా? సరిగ్గా అప్పుడే, మీకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను."

బావగారు నా వైపు తిరగబోయారు, ముల్లు గుర్తుచేసింది, ఆగిపోయారు. ఉద్యోగం సంగతి కంటే ఈ సంగతే ఆయన్ని ఎక్కువ కలవరపెట్టినట్టుంది. ఆసుపత్రి వచ్చేదాకా పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నారు.

డాక్టరు మమ్మల్నిద్దర్నీ, మధ్యలో బొమ్మ చేపనీ చూసి, నవ్వు ఆపుకోవడానికి మాస్కు పెట్టుకున్నాడు. "మచ్లీ కహాఁ హై?" అన్నాడు. వెళ్ళిపోయిందన్నాం. "స్మార్ట్ మచ్లీ," అన్నాడు. తర్వాత వివరించాడు: గాలాన్ని వెనక్కి లాగితే రాదు. మత్తిచ్చి, ముల్లును ఇంకా ముందుకు తోసి, అవతల చర్మంలోంచి బయటికొచ్చిన మొనను కత్తిరిస్తే, అప్పుడు మిగతాది వెనక్కి జారి వచ్చేస్తుంది. ఇది జీవితానికి వర్తిస్తుందని నేను అనట్లేదు. నొప్పిగా ఉంటుందని అంటున్నాను.

"గాలాలు కోసుకోండి డాక్టర్ సాబ్," అన్నారు బావగారు, "చేప మీద గీత పడకూడదు."

విడిపోయాక, కట్లు కట్టించుకుని, బయట బెంచీ మీద కూర్చున్నాం. ఇప్పుడు మా ఇద్దరి మధ్య ఏమీ లేదు. జరిగి కూర్చోవచ్చు. ఎందుకో ఎవరం జరగలేదు. అన్న కరక్ చాయ్ తేవడానికి వెళ్ళాడు. బావగారు కట్టు మీద లేని దుమ్ము దులిపారు.

"మరి క్యారేజీ?" అన్నారు.

నేను అన్ని ప్రశ్నలకూ జవాబులు సిద్ధం చేసుకునే వచ్చాను. మేనేజరుకు నేనేం మొహం చూపించాలి అంటారేమో, నిన్ను తెచ్చింది ఇందుకా అంటారేమో అనుకున్నాను. క్యారేజీ గురించి ఎవరు సిద్ధమవుతారు? అక్క రోజూ ఇద్దరికీ కలిపి ఒకటే సర్దుతుంది, నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. ఆయన మూత తీసి, బంగాళాదుంప వేపుడు నా వైపు జరిపి, పప్పు తన వైపు లాక్కునేవారు. ఆయనకూ వేపుడే ఇష్టమని అక్క చెబితే తెలిసింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"రెండు సర్దమందామండీ," అన్నాను.

"ఊఁ. ఒక్కడికి నాలుగు గిన్నెలెందుకు, రెండు చాలు," అన్నారు. ఆయన గొంతు వణికిందని రాద్దామనుకున్నాను. ఇంజెక్షన్ ప్రభావం కావచ్చు. చేతికిచ్చింది గొంతుకెలా ఎక్కుతుందని డాక్టర్ని అడుగుదామనుకుని, మానేశాను. "అక్కకి మాత్రం నువ్వే చెప్పు. నా వల్ల కాదు."

ఇంటికెళ్తే అక్క మా కట్లు చూసింది. "చేపను ముట్టుకున్నారా?" అంది.

"వీడే," అన్నారు బావగారు వెంటనే.

"తలస్నానం."

"కట్టు తడవకూడదన్నాడే డాక్టరు."

"అయితే వంటింటి గడప అవతలే ఉండండి ఇద్దరూ."

హాల్లో నేల మీద పేపరు పరిచి మాకు అన్నాలు పెట్టింది, గ్రహణం పట్టినవాళ్ళకు పెట్టినట్టు దూరం నుంచే. గడప ఇవతల నుంచి నేను ఉద్యోగం సంగతి చెప్పాను. చేతిలో గరిటె గిన్నెలో పెట్టింది.

"పోనీండి," అంది బావగారితో. "ఇద్దరూ ఒకే గిన్నెలో తింటుంటే ఉప్పు ఎవరికి తక్కువైందో నాకు ఎప్పుడూ తెలిసి చావలేదు."

ఆదివారం నేను అల్ సద్ వాళ్ళకు వస్తానని చెప్పాను. ఇప్పుడు పొద్దున్నే వంటింటి గట్టు మీద రెండు క్యారేజీలు ఉంటాయి, రెండేసి గిన్నెలవి. నేను మెట్రోలో వెళ్తాను. దోహా పక్కద్దంలోంచి వేరేగా కనిపిస్తుంది, నా మీద గాలి ఎటు తోస్తే అటు కొడుతుంది. మధ్యాహ్నం మూత తియ్యగానే ఫోన్ మోగుతుంది. "వేపుడు నీకు సరిపడా పెట్టిందా?" సరిపడా కాదు, మొత్తం నాకే పెడుతోందని నా అనుమానం. అడిగితే ఇద్దరూ ఒప్పుకోరు.

శుక్రవారం హారన్ మాత్రం ఆగలేదు. ఉద్యోగం మారొచ్చు, శుక్రవారం మారదు. సంచిలోకి ఇప్పుడు పటకారు చేరింది, ప్యాకెట్ విప్పి మరీ. అన్న మమ్మల్ని దూరం నుంచే చూసి, "ఇయ్యాల అతుకుతరా, ఇడిగా ఉంటరా సారూ?" అని అరుస్తాడు. కూర మీద ఆశ ఆయనకు ఇంకా చావలేదు.

మొన్న శుక్రవారం కట్ట మీద నిలబడి విసురుతున్నాం. కొత్త ఆఫీసులో నా తోటివాళ్ళు ఇద్దరు అల్ సద్‌లోనే ఒక ఫ్లాట్ తీసుకుంటున్నారు, ఒక గది ఖాళీ ఉందట, నన్ను రమ్మంటున్నారు. ఆఫీసుకు నడిచి వెళ్ళొచ్చు. ఆ సంగతే బుర్రలో తిరుగుతోంది. అక్కకు ముందు చెప్పాలా, బావగారికా? రెండు గిన్నెల క్యారేజీ ఏమవుతుంది? చెయ్యి అర చుట్టు చుట్టి ఆగింది.

నీళ్ళలో నా బొమ్మ చేప ఎడమకు జారింది. ఆగింది. కుడికి జారింది. ఎంత అందంగా తిరిగిందంటే, నాకే భయమేసింది.

పక్కన రీల్ చప్పుడు ఆగిపోయింది. బావగారు కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి నా చేపను చూస్తున్నారు. చూసి, చూసి, కర్ర రాతికి ఆనించి, మడత కుర్చీలో కూర్చున్నారు.

"సరే," అన్నారు. "ఈసారేంటో చెప్పు."